కంప్యూటర్‌లో వైఫై రావట్లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి వరసగా చూడండి

ఇంట్లో అందరి ఫోన్లకీ వైఫై బ్రహ్మాండంగా వస్తుంది, టీవీకి వస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం రాదు. లేదంటే రాత్రి వరకు బానే ఉంది, పొద్దున ఆన్ చేస్తే కింద మూలన వైఫై గుర్తు పోయి గ్లోబు బొమ్మ కనిపిస్తోంది. చాలామంది వెంటనే సీపీయూని చంకనేసుకుని షాపుకి పోతారు, అక్కడ వినిపించే మొదటి మాట "విండోస్ పోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి". వైఫై సమస్యల్లో నిజంగా ఫార్మాట్ దాకా పోవాల్సినవి చాలా తక్కువండి, మిగతావన్నీ ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు, కాకపోతే ఒక వరస పాటించాలి, ఒకేసారి నాలుగు మార్చేస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలీదు, పాడైనా అంతే.

విండోస్ 10, 11 పెట్టుకుని రాస్తున్నా, మెనూ పేర్లు కొంచెం అటూ ఇటూ ఉన్నా కంగారు పడకండి. అడాప్టర్ అంటే కంప్యూటర్‌కి వైఫై అందించే భాగం, ల్యాప్‌టాప్‌లో అది లోపల ఉండే చిన్న కార్డు, డెస్క్‌టాప్‌లో అయితే మదర్‌బోర్డు మీదే ఉండొచ్చు, స్లాట్‌లో విడిగా పెట్టిన పీసీఐఈ కార్డు కావచ్చు, లేదా యూఎస్‌బీకి గుచ్చే డాంగిల్ కావచ్చు. మీది ఏ రకమో ముందే చూసి పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ముందు తప్పు ఎవరిదో తేల్చండి

ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి వైఫై మీదే ఏదైనా వెబ్‌సైట్ తెరవండి. డేటా ఆపకుండా చూస్తే వైఫై పోయినా ఫోను చప్పుడు చేయకుండా డేటాకి మారిపోతుంది, మీరు వైఫై బాగుందనుకుంటారు. ఫోన్‌లో కూడా రాకపోతే కంప్యూటర్ జోలికి పోవద్దు, ఫైబర్ బాక్సు దగ్గరికి వెళ్లి ఎల్ఓఎస్ అని రాసున్న లైటు చూడండి, అది ఎర్రగా వెలుగుతుంటే వైరులో సిగ్నలే రావట్లేదని, ఫోన్ చేయాల్సింది నెట్ వాళ్లకి.

ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే అప్పుడు రెండో పరీక్ష. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి కంప్యూటర్‌ని దానికి కనెక్ట్ చేయండి. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్, అంటే వైఫై నడిచే ఫ్రీక్వెన్సీ, 2.4 గిగాహెర్ట్జ్ పెట్టండి, ఎందుకంటే కొన్ని ఫోన్లు 5 గిగాహెర్ట్జ్‌లో హాట్‌స్పాట్ ఇస్తాయి, పాత అడాప్టర్లకి అది అస్సలు కనపడదు, అప్పుడు మీరు అనవసరంగా అడాప్టర్ పోయిందనుకుంటారు. హాట్‌స్పాట్‌కి కనెక్ట్ అయి నెట్ వచ్చిందా, అడాప్టర్ బతికే ఉంది, గొడవ రూటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య. హాట్‌స్పాట్ కూడా రాలేదా, కంప్యూటర్‌లోనే వెతకాలి. ఈ ఒక్క పరీక్ష చేస్తే సగం పని అయిపోయినట్టే, కానీ చేసేవాళ్లే తక్కువ.

అసలు వైఫై ఆప్షనే మాయమైతే

ముందు చిన్నవి చూసేద్దాం. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి, కీబోర్డు పై వరసలో విమానం బొమ్మో యాంటెన్నా బొమ్మో ఉన్న కీ ఉంటుంది, పిల్లలు ఆడుకుంటూ నొక్కేసి ఉంటారు. బాగా పాత ల్యాప్‌టాప్‌లకి పక్కన చిన్న స్లైడ్ స్విచ్ ఉంటుంది, సంచిలో పెట్టేటప్పుడు జరిగిపోతుంది.

తర్వాత రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం కాదు, రీస్టార్టే కొట్టండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది, దాని వల్ల షట్‌డౌన్ చేసినా డ్రైవర్లు, అంటే పరికరాలని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములు, పూర్తిగా దిగిపోవు, ఉన్న స్థితిని డిస్క్‌లో దాచుకుని మళ్లీ అదే లేపుతుంది, అంటే రోజూ షట్‌డౌన్ చేస్తున్నా పాడైన స్థితి అలాగే కొనసాగుతుంది. రీస్టార్ట్‌కి ఆ బాధ లేదు.

రీస్టార్ట్‌కి కూడా లొంగకపోతే కరెంటు పూర్తిగా తీసేయాలి. చాలామందికి తెలియని చిట్కా ఇది, నా లెక్కలో మొత్తం వ్యాసంలో అన్నిటికంటే పనికొచ్చేది కూడా ఇదే. డెస్క్‌టాప్ అయితే షట్‌డౌన్ చేసి, వెనక పవర్ సప్లై స్విచ్ ఆపి, ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ని ఒక 20 సెకన్లు నొక్కి పట్టుకోండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసేసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత మళ్లీ పెట్టి ఆన్ చేయండి. ఎందుకిలా అంటే, కంప్యూటర్ ఆపేసినా వైఫై కార్డుకి కొద్దిగా స్టాండ్‌బై కరెంటు వెళ్తూనే ఉంటుంది, కార్డు లోపలుండే చిన్న ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుపోతే అది మామూలు షట్‌డౌన్‌కి లేవదు, కరెంటు చుక్క కూడా మిగలకపోతేనే మొదటి నుంచి మొదలవుతుంది. నిద్ర మోడ్ నుంచి లేచాక వైఫై మాయమయ్యే ల్యాప్‌టాప్‌లకి, కరెంటు పోయి వచ్చాక అడాప్టర్ కనపడకుండా పోయిన డెస్క్‌టాప్‌లకి ముందు ఇది చేసి చూడండి.

అయినా రాలేదా, ఇక డివైస్ మేనేజర్‌కి పోదాం, కంప్యూటర్‌లోని పరికరాలన్నీ కనిపించే చోటది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే లిస్టులోనే ఉంటుంది. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ తెరవండి. పేరులో వైర్‌లెస్ అనో వైఫై అనో 802.11 అనో ఉన్నది మీది. దాని మీద కింద బాణం గుర్తుంటే ఎవరో డిజేబుల్ చేశారు, రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ కొట్టండి, అయిపోయింది. పసుపు త్రికోణం ఉంటే డబుల్ క్లిక్ చేసి డివైస్ స్టేటస్ దగ్గర కోడ్ నంబర్ చదవండి. 22 అంటే డిజేబుల్ అయ్యింది. 28 అంటే డ్రైవరే లేదు. 10 అంటే డ్రైవర్ ఉంది కానీ పరికరం మొదలవ్వట్లేదు, ముందు పైన చెప్పిన కరెంటు తీసే పని చేసి, కుదరకపోతే డ్రైవర్ మార్చాలి. 43 అంటే పరికరమే తేడా ఉందని చెప్తే విండోస్ దాన్ని ఆపేసింది, డాంగిల్ అయితే వేరే యూఎస్‌బీ పోర్టులో గుచ్చండి, డెస్క్‌టాప్‌కి ముందు వైపున్న పోర్టులు కాదు, వెనక మదర్‌బోర్డుకి నేరుగా ఉన్నవి.

లిస్టులో అడాప్టరే లేకపోతే అదర్ డివైసెస్ కింద నెట్‌వర్క్ కంట్రోలర్ అని పసుపు త్రికోణంతో ఏదైనా ఉందేమో చూడండి, ఉంటే కార్డు బతికుంది, డ్రైవర్ లేదంతే. డాంగిల్ కొత్తగా గుచ్చితే కొన్ని రకాలు ముందు సీడీ డ్రైవ్‌లాగా కనిపిస్తాయి, అందులోనే డ్రైవర్ ఫైల్ ఉంటుంది, అది ఇన్‌స్టాల్ చేశాకే వైఫైగా మారుతుంది, "వైఫై కొంటే పెన్‌డ్రైవ్ ఇచ్చారేంటి" అని షాపోడితో గొడవ పెట్టుకోకండి.

ఇంకొకటి, అడాప్టర్ డివైస్ మేనేజర్‌లో శుభ్రంగా కనిపిస్తూ కూడా వైఫై ఆప్షన్ రాకపోతే సర్వీసెస్ అని సెర్చ్ చేసి తెరిచి, అందులో డబ్ల్యూల్యాన్ ఆటోకాన్ఫిగ్ అనేది రన్నింగ్‌లో ఉందో లేదో చూడండి. ఆగిపోయి ఉంటే స్టార్టప్ టైప్ ఆటోమేటిక్ పెట్టి స్టార్ట్ కొట్టండి. కంప్యూటర్ స్పీడు పెంచుతాం అని చెప్పే సాఫ్ట్‌వేర్‌లు దీన్ని ఆపేసి కూర్చుంటాయి.

డ్రైవర్ సంగతి

నెట్ లేదు, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. దీనికి మందు మీ జేబులోనే ఉంది. ఫోన్‌ని ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కి పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ పక్కనే ఉండే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే కంప్యూటర్ దాన్ని వైరు నెట్ లాగా తీసుకుంటుంది, వైఫై అడాప్టర్‌తో పనే లేదు. ఇంకో మంచి మాట, ఫోన్ ఇంటి వైఫైకి కనెక్ట్ అయి ఉంటే చాలా ఫోన్లు ఆ నెట్‌నే కేబుల్ ద్వారా పంపిస్తాయి, మీ మొబైల్ డేటా కూడా ఖర్చవదు. కేబుల్ మాత్రం డేటా వెళ్లేదే ఉండాలి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి ఉంటాయి, వాటితో ఎంత పెట్టినా టెథరింగ్ ఆప్షన్ వెలగదు.

నెట్ వచ్చాక విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ కింద డ్రైవర్ ఉందేమో చూడండి. లేకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ సైటుకెళ్లి మోడల్ నంబర్ కొట్టండి, డెస్క్‌టాప్ అయితే మదర్‌బోర్డు మోడల్. అడాప్టర్ ఏ కంపెనీదో కూడా తెలీదు అంటారా, డివైస్ మేనేజర్‌లో దాని ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, అక్కడ హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. వీ ఈ ఎన్ అనే అక్షరాల పక్కన 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 14సీ3 ఉంటే మీడియాటెక్, 168సీ ఉంటే క్వాల్‌కామ్ అథెరోస్, 14ఈ4 ఉంటే బ్రాడ్‌కామ్. డాంగిల్‌కి వీ ఐ డీ అని ఉంటుంది, దాని పక్కన 0బీడీఏ ఉంటే రియల్‌టెక్. డబ్బా మీద ఏ బ్రాండ్ పేరున్నా లోపలి చిప్పు ఇదే, డ్రైవర్ వెతకాల్సింది కూడా ఈ పేరుతోనే.

అప్‌డేట్ తర్వాతే పాడైందా? అలాంటప్పుడు కొత్త డ్రైవర్ వెతక్కండి, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌కి వెళ్లి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. ఆ బటన్ మసగ్గా ఉంటే అన్‌ఇన్‌స్టాల్ డివైస్ కొట్టి రీస్టార్ట్ చేయండి, విండోస్ తనంతట తనే మళ్లీ పెట్టుకుంటుంది. అన్‌ఇన్‌స్టాల్ అడిగేటప్పుడు డ్రైవర్ ఫైళ్లు కూడా తీసేయాలా అని టిక్ బాక్సు వస్తుంది, చేతిలో వేరే డ్రైవర్ రెడీగా ఉంటేనే టిక్ పెట్టండి. ఇక "ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ అప్‌డేట్" అనే సాఫ్ట్‌వేర్‌ల జోలికి అస్సలు పోవద్దు, వైఫై బాగుచేయడం దేవుడెరుగు, అడగని యాంటీవైరస్సులు రెండు తెచ్చి ఇంట్లో పెడతాయి.

అందరివీ కనిపిస్తాయి, మన నెట్‌వర్క్ ఒక్కటే కనపడదు

ఇది అడాప్టర్ పాడవడం కాదు, అడాప్టర్ పరిమితి. నెట్ వాళ్లు కొత్త రూటర్ పెట్టి వెళ్లాక మొదలైందంటే అది 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పేరు చూపిస్తోందేమో అని అనుమానించండి. మీ అడాప్టర్‌కి 5 వస్తుందో లేదో తెలుసుకోవాలంటే స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌ష్ డబ్ల్యూల్యాన్ షో డ్రైవర్స్ అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయండి, నెట్‌ష్ అంటే ఎన్ ఈ టీ ఎస్ హెచ్, డబ్ల్యూల్యాన్ అంటే డబ్ల్యూ ఎల్ ఏ ఎన్. రేడియో టైప్స్ అనే లైనులో 802.11ఏ గానీ ఏసీ గానీ ఉంటే 5 గిగాహెర్ట్జ్ వస్తుంది, బీ, జీ, ఎన్ మాత్రమే ఉంటే మామూలుగా 2.4 ఒక్కటే. అప్పుడు రూటర్‌లో 2.4 కూడా ఆన్ చేయించుకోండి, రెండింటికీ వేరు వేరు పేర్లు పెడితే ఇంకా సుఖం.

అమెరికా నుంచి అన్నయ్యో అల్లుడో తెచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇంకో తమాషా ఉంది. మన దగ్గర 2.4లో 1 నుంచి 13 వరకు ఛానెళ్లు, అంటే ఆ బ్యాండ్‌లోని చిన్న భాగాలు, వాడతారు, అమెరికాలో మామూలుగా 11 వరకే. ఇంట్లో రూటర్ ఆటోలో ఉండి 12కో 13కో వెళ్లిందంటే ఆ ల్యాప్‌టాప్‌కి నెట్‌వర్క్ కనపడకుండా పోవచ్చు, రెండు రోజులు కనిపించి ఇంకో రెండు రోజులు మాయమయ్యేది ఇలాంటి కేసే. రూటర్‌లో ఛానెల్ 1, 6, 11లో ఒకటి ఫిక్స్ చేసి పెట్టండి.

పాస్‌వర్డ్ కొట్టినా కనెక్ట్ అవ్వకపోతే

నెట్‌వర్క్ పేరు మీద ఫర్‌గెట్ కొట్టి మళ్లీ పాస్‌వర్డ్ ఇవ్వండి, కన్ను గుర్తు నొక్కి అక్షరాలు చూసుకుంటూ. అది సరిగ్గానే ఉన్నా "కాంట్ కనెక్ట్" అంటుంటే రూటర్‌లో సెక్యూరిటీ రకం కొత్తదైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉందేమో చూడండి, పాత అడాప్టర్లకి అది అర్థం కాదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపిన మోడ్ పెట్టండి. అలాగని పాత డబ్ల్యూఈపీకో టీకేఐపీకో దిగిపోవద్దు, భద్రత పోవడమే కాదు, స్పీడు 54 ఎంబీపీఎస్ దాటదు. రూటర్‌లో మ్యాక్ ఫిల్టర్ (లిస్టులో చేర్చిన పరికరాలకే వైఫై ఇచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే కొత్త డాంగిల్‌ని కూడా అందులో చేర్చాలి, విండోస్‌లో రాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ ఆన్‌లో ఉంటే దాన్ని ఆపాలి.

కనెక్ట్ అయ్యింది, నెట్ మాత్రం రాదు

అడాప్టర్ రేడియో పని అది చేసేసింది, ఇక చూడాల్సింది అడ్రస్సుల గొడవ. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ఐ పీ సీ ఓ ఎన్ ఎఫ్ ఐ జీ) అని కొట్టండి. వైఫై కింద ఐపీవీ4 అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ మీకు అడ్రస్ ఇవ్వలేదు, కంప్యూటర్ తనంతట తనే ఏదో ఒకటి పెట్టుకుంది. రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి, వైఫై ప్రాపర్టీస్‌లో ఐపీ అసైన్‌మెంట్ ఆటోమేటిక్ డీహెచ్‌సీపీలో, అంటే రూటరే అడ్రస్ ఇచ్చే పద్ధతిలో, ఉందో లేదో చూడండి. ఒకప్పుడు కేబుల్ నెట్ అబ్బాయి వచ్చి చేత్తో కొట్టిన ఐపీ ఇప్పటికీ అలాగే ఉండి కొత్త రూటర్‌తో పడట్లేదు అనేది చాలా ఇళ్లలో జరిగేదే.

అడ్రస్ 192.168తో బానే ఉంటే మెట్లు మెట్లుగా పింగ్ చేయండి, అంటే కమాండ్ ప్రాంప్ట్‌లోనే పింగ్ (పీ ఐ ఎన్ జీ) అని, స్పేస్ ఇచ్చి, నంబర్ కొట్టి జవాబు వస్తుందో లేదో చూడటం. ముందు డిఫాల్ట్ గేట్‌వే దగ్గర కనిపించిన నంబర్, మామూలుగా 192.168.1.1 లేదా 192.168.0.1, దానికి పింగ్ కొట్టండి. రిప్లై రాకపోతే రూటర్ దాకా కూడా వెళ్లట్లేదు. వస్తే తర్వాత 8.8.8.8కి కొట్టండి, అది బయట నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్. అదీ వచ్చి వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్ (సైటు పేరుని ఐపీ నంబర్‌గా మార్చేది) సమస్య, వైఫై హార్డ్‌వేర్ ప్రాపర్టీస్‌లో డీఎన్ఎస్ దగ్గర ఎడిట్ కొట్టి మాన్యువల్‌లో ఐపీవీ4 కింద 1.1.1.1, 8.8.8.8 ఇవ్వండి. అన్ని పింగులూ బాగుండి బ్రౌజర్ మాత్రం "కనెక్షన్ సేఫ్ కాదు" అని గోల పెడుతుంటే ముందు గడియారం చూడండి. పాత డెస్క్‌టాప్‌లో సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోతే ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ ఎప్పటికో వెనక్కి పోతుంది, ఆ తేదీతో ఏ బ్యాంకు సైటూ తెరుచుకోదు, పాపం వైఫైని తిడుతుంటారు.

వీపీఎన్‌లు, గడువు తీరిన యాంటీవైరస్‌లు ఉంటే తీసేసి చూడండి, ప్రాక్సీ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా పంపేది) సెట్టింగ్ ఆఫ్‌లో ఉందో చూడండి. ఆ తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి నెట్‌ష్ విన్‌సాక్ (డబ్ల్యూ ఐ ఎన్ ఎస్ ఓ సీ కే) రీసెట్, నెట్‌ష్ ఐఎన్‌టీ ఐపీ రీసెట్, ఐపీకాన్ఫిగ్ స్పేస్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్, ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టి రీస్టార్ట్ చేయండి. ఇది కూడా కుదరకపోతేనే సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ రీసెట్, ఎందుకంటే అది సేవ్ అయిన వైఫై పాస్‌వర్డ్‌లన్నీ, వీపీఎన్ సెట్టింగులన్నీ తుడిచేస్తుంది, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకుని మొదలుపెట్టండి.

వస్తుంది పోతుంది, లేదా నత్తనడక

ముందు నెట్‌ష్ డబ్ల్యూల్యాన్ షో ఇంటర్‌ఫేసెస్ అని కొట్టి సిగ్నల్ శాతం, ఛానెల్, రిసీవ్ రేట్ చూడండి. సిగ్నల్ 80 పైన ఉంటే దూరం సమస్య కాదు, 50 కంటే కిందకి దిగితే తెగిపోవడాలు మొదలవుతాయి. రిసీవ్ రేట్ 72 అనే చూపిస్తుంటే మీ 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఆ అడాప్టర్‌కి ఎప్పటికీ అందదు, చేతికొచ్చేది ఆ 72లో కూడా సగం అటూ ఇటూ, కాబట్టి స్పీడు రావట్లేదని నెట్ వాళ్లకి ఫోన్ చేసే ముందు ఈ నంబర్ చూసుకోండి.

తెగిపోవడానికి పెద్ద కారణం పవర్ సేవింగ్. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్, అక్కడ కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అనే అర్థం వచ్చే టిక్ తీసేయండి. డాంగిల్ వాళ్లు పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా డిజేబుల్ చేయండి.

డాంగిల్ పెట్టే చోటు గురించి ఒక మాట. యూఎస్‌బీ 3 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్‌డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ మీద గోల చేస్తాయి, ఇది ఇంటెల్ వాళ్లే 2012లో కొలిచి పేపర్ రాశారు. డాంగిల్ పక్కనే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు గుచ్చి సినిమా కాపీ పెట్టగానే వైఫై పడిపోతోంటే కారణం అదే. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని డాంగిల్‌ని టేబుల్ పైకి తెచ్చి పెట్టండి, సీపీయూ వెనకాల ఇనప డబ్బాకీ గోడకీ మధ్య నలిగే డాంగిల్‌కి సిగ్నల్ ఎక్కడ్నుంచి వస్తుంది చెప్పండి. పీసీఐఈ కార్డు వాళ్లు వెనక యాంటెన్నాలు బిగించి ఉన్నాయో లేదో చూసుకోండి, సీపీయూ తుడిచేటప్పుడు తీసి అట్టపెట్టెలో పెట్టి మర్చిపోయిన ఇళ్లున్నాయి.

రూటర్ హాల్లో, కంప్యూటర్ బెడ్‌రూంలో, మధ్యలో ఇనప బీరువా, దానికి నిలువుటద్దం, ఇదే మన ఇళ్ల మ్యాపు. 5 గిగాహెర్ట్జ్ అయితే ఆ దారిలో ఇంకా త్వరగా చచ్చిపోతుంది. బీరువా జరపలేరు కాబట్టి రూటర్‌ని ఎత్తులో, తలుపుకి ఎదురుగా వచ్చేలా మార్చండి. అపార్ట్‌మెంట్‌లో 2.4 మీద ఉండటం సంతలో ఫోన్ మాట్లాడటమే, దగ్గర్లో ఉన్న కంప్యూటర్‌ని 5కి మార్చేయండి, అడాప్టర్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ అని ఉంటే అక్కడే పెట్టొచ్చు. మైక్రోవేవ్ నడిచినప్పుడే తెగుతోందంటే ఇక కారణం వెతకక్కర్లేదు, అది కూడా 2.4 చుట్టుపక్కలే పనిచేస్తుంది.

ఎప్పుడు తెగుతోందో పట్టుకోలేకపోతే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ష్ డబ్ల్యూల్యాన్ షో డబ్ల్యూల్యాన్‌రిపోర్ట్ కొట్టండి, గత మూడు రోజుల్లో ఎప్పుడెప్పుడు ఎందుకు తెగిందో బ్రౌజర్‌లో తెరుచుకునే రిపోర్టు తయారుచేసి ఇస్తుంది.

అన్నీ చేశాక కూడా రాకపోతే

కార్డు నిజంగా పోయిందా, విండోస్ గోలా అని తేల్చడానికి విండోస్ బదులు వాడే ఉబుంటు లాంటి లైనక్స్‌ని పెన్‌డ్రైవ్ మీద పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై మోడ్‌లో బూట్ చేయండి. అక్కడ వైఫై వచ్చిందంటే కార్డు బంగారం, విండోస్‌లోనే ఏదో ఉంది, ఫార్మాట్ మాట అప్పుడు ఆలోచించొచ్చు. అక్కడా రాక, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) కూడా వైర్‌లెస్ ఎనేబుల్‌లోనే ఉంటే కార్డు పోయినట్టే లెక్క, కొన్ని డాంగిళ్లకి మాత్రం లైనక్స్‌లో డ్రైవర్ ఉండదు కాబట్టి వాటిని వేరే కంప్యూటర్‌కి గుచ్చి చూడండి.

ల్యాప్‌టాప్ కార్డు మార్చడం పెద్ద పని కాదు, ఒక స్క్రూ, రెండు సన్నటి యాంటెన్నా వైర్లు, అవి ఊడితే సిగ్నల్ ఉండదు కాబట్టి టక్కున కూర్చునేదాకా నొక్కాలి. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త, ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు ఎం.2 స్లాట్లలో (కార్డు గుచ్చే చిన్న చోట్లలో) పనిచేస్తాయి, ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం వాటికి తగ్గ ఇంటెల్ ప్రాసెసర్, మదర్‌బోర్డు ఉంటేనే. నంబర్‌లో ఒక్క అంకె తేడా, డబ్బులు మాత్రం పూర్తిగా దండగ. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లైతే కంపెనీ ఒప్పుకున్న కార్డు తప్ప వేరేది పెడితే బూట్ కూడా అవ్వవు.

విప్పడం మనవల్ల కాదనుకుంటే డ్యూయల్ బ్యాండ్ డాంగిల్ తీసుకోండి, 150 ఎన్ అని రాసున్న గోరంత డాంగిల్ చవగ్గా దొరుకుతుందని దానికి పోవద్దు. కొత్తది పెట్టాక డివైస్ మేనేజర్‌లో పాత కార్డుని డిజేబుల్ చేసేయండి, లేకపోతే అది అప్పుడప్పుడూ లేచి రెండూ ఒకే నెట్‌వర్క్‌కి కనెక్ట్ అయి మళ్లీ మొదటికొస్తుంది.